పాత డ్రమ్ కిట్ కొనే ముందు దాని అంచు తడిమి చూడండి

విశాఖ ఎంవీపీ కాలనీలో మేడ మీది గదిని రికార్డింగ్ స్టూడియోగా మార్చుకున్నారనీ, 1960ల నాటి లడ్విగ్ (అమెరికా కంపెనీ) డ్రమ్ కిట్ ఒకటి ఊళ్లోనే అమ్మకానికి వచ్చిందనీ రాశారు. మీరడిగినవి రెండు. ఆ పాత కిట్ల శబ్దంలో నిజంగా ఏదైనా ఉందా, లేక అది పాత వస్తువుల మీద మోజేనా? కంప్యూటర్లో కావలసినన్ని శాంపిల్స్ (ముందే రికార్డు చేసిపెట్టిన డ్రమ్ దెబ్బలు) ఉండగా, ఈ సముద్రపు గాలిలో అలాంటి కిట్‌ను కాపాడుకుంటూ కూర్చోవడం అవసరమా?

మొదటి ప్రశ్నకు నా జవాబు: ఉంది. డ్రమ్ మీద బిగించే పొరను హెడ్ అంటారు; ఆ హెడ్ చెక్కను తాకే అంచు ఉంటుంది చూడండి, పాత కిట్ల తేడాలో ఎక్కువ భాగం అక్కడ ఉంది. రెండో ప్రశ్నకు జవాబు, మీరు కొనబోయే కిట్‌లో ఆ అంచు ఎలా మిగిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది. నేను పెదవాల్తేరులో 20 ఏళ్లుగా స్టూడియో నడుపుతున్నాను. అందులో 18 ఏళ్లు ఒక పాత లడ్విగ్ కిట్‌తోనే పని. దాని కథ చెబితే మీకు కావలసింది చాలావరకు అందులోనే దొరుకుతుంది. కాస్త పొడుగవుతుంది, తీరిగ్గా చదవండి.

ఆ కిట్ తెచ్చినాయన ఓడల్లో ఇంజినీరు. 1970ల మొదట్లో అమెరికా రేవులో ఓడ ఆగినప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొని, ఇంజిన్ రూమ్ సామాను మధ్య కట్టి తెచ్చుకున్నాడట. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడల్లా రైల్వే వాళ్ల క్రిస్మస్ డ్యాన్సుల్లో, పెళ్లి రిసెప్షన్లలో వాయించేవాడు. ఆయన పోయాక పాత పోస్టాఫీసు దగ్గర వాళ్ల ఇంటి వెనక రేకుల షెడ్డులో టార్పాలిన్ కప్పి ఉంచారు. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు వాళ్లమ్మాయి అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "నాన్నగారు ఉన్నన్నాళ్లూ దీని మీద ఒక తువ్వాలు కూడా ఆరేయనిచ్చేవారు కాదండీ." ఆ మాట విన్నాక నేను బేరం ఆడలేదు.

కిట్ వివరాలు: 22 అంగుళాల బేస్ డ్రమ్ (కాలితో వాయించే పెద్దది), 13 అంగుళాల టామ్ (దాని పైన బిగించేది), 16 అంగుళాల ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబెట్టేది), 14 అంగుళాల అల్యూమినియం స్నేర్ (కింద తీగలుండే డ్రమ్). లడ్విగ్ వాళ్లు ఈ కొలతల కిట్‌కు సూపర్ క్లాసిక్ అని పేరు పెట్టారు. పైన వైట్ మెరైన్ పెర్ల్ తొడుగు. ఒకప్పుడు ముత్యంలా తెల్లగా ఉండేది, ఇప్పుడు పాల మీద మీగడ రంగుకు తిరిగింది. ఫ్లోర్ టామ్ లోపల చెయ్యి పెట్టి టార్చి వేస్తే, బూడిద రంగు చుక్కల పెయింట్ మీద ఎర్ర సిరాతో కొట్టిన తేదీ ముద్ర కనిపించింది: నవంబర్ 1966. అప్పటి లడ్విగ్ షెల్స్‌లో (డ్రమ్ చెక్క గోడల్లో) చాలావాటికి లోపల ఇలా తేదీ ముద్ర ఉంటుంది. బ్యాడ్జి మీది సీరియల్ నంబరు చూసి సంవత్సరం చెప్పేస్తామనే వాళ్లను నమ్మకండి. ఆ నంబర్లు వరసగా వాడలేదు. ముద్ర ఉంటే ముద్రే సాక్ష్యం.

ఆ కాలానికి ఒక విశేషం ఉంది. 1964 ఫిబ్రవరి 9న ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ అమెరికా టీవీలో ఎడ్ సలివన్ షోలో వాయించినప్పుడు, వాళ్ల డ్రమ్మర్ రింగో స్టార్ బేస్ డ్రమ్ మీద లడ్విగ్ పేరు పెద్దక్షరాలతో కనిపించింది. సుమారు 7 కోట్ల 30 లక్షల మంది చూశారని లెక్క. ఆ మర్నాటి నుంచి చికాగోలో ఉన్న ఫ్యాక్టరీకి ఊపిరాడలేదు. రాత్రింబవళ్లు షిఫ్టులు నడిపారు. 1909లో మొదలైన కంపెనీ అంత గిరాకీ ఎప్పుడూ చూసి ఉండదు. ఆ హడావుడిలో షెల్స్ అంచులు కోసిన చేతులు ఎన్నో, వాళ్ల అలసట ఎంతో. అందుకే ఆ కాలపు లడ్విగ్‌లలో ఏ రెండూ అచ్చంగా ఒకలా పలకవు. "60ల లడ్విగ్ సౌండ్" అని ఒకే శబ్దం ఉన్నట్టు మాట్లాడటం సరి కాదని నేననేది ఇందుకే. మీరు కొనేది ఒక పేరును కాదు, ఒకానొక కిట్‌ను. దాన్ని మీ చెవితోనే వినాలి.

ఇక శబ్దం సంగతి.

ఆ షెల్ గోడ పలచన. మూడు పొరల చెక్క: మధ్యలో పాప్లర్ అనే తేలికైన మెత్తని కర్ర, దానికి అటూ ఇటూ గట్టి కర్ర పొరలు. పలచని గోడ వంగిపోకుండా పైనా కిందా లోపలి వైపు మేపుల్ కర్ర పట్టీలు అతికించారు. ఇప్పటి ఖరీదైన కిట్లలో చాలావాటికి మందమైన గట్టి షెల్స్, వాటి అంచు 45 డిగ్రీల వాలులో కత్తిలా కోసి ఉంటుంది. కత్తి లాంటి అంచు మీద హెడ్ గీత మందాన మాత్రమే ఆనుతుంది. కాబట్టి కొట్టగానే స్వేచ్ఛగా కదిలి, పదునుగా, చాలాసేపు మోగుతుంది. పాత లడ్విగ్ అంచు గుండ్రంగా, అరటి దవ్వ వంపులా ఉంటుంది. దాని మీద హెడ్ ఇంకాస్త వెడల్పుగా ఆనుతుంది. ఆ ఆనిన మేరా చెక్క హెడ్‌ను పట్టుకున్నట్టే. పై స్థాయిల్లో మోగే చిన్న చిన్న రింగులు అక్కడే అణిగిపోతాయి. అసలు స్వరం ముందుకు వస్తుంది, పని చూసుకుని తొందరగా వెళ్లిపోతుంది.

మాటల్లో చెప్పాలంటే, కొత్త కిట్ ఫ్లోర్ టామ్ "ధూమ్‌మ్‌మ్" అని సాగుతుంది. మాది "దుమ్" అంటుంది. ఆ దుమ్‌లో బరువు ఉంటుంది, తోక ఉండదు. తప్పెటగుళ్ళు దగ్గరగా విన్నారా ఎప్పుడైనా? మన ఉత్తరాంధ్ర కళాకారులు గుండె మీద కట్టుకుని వాయించే ఆ రేకు వాద్యం మోగి, వెంటనే మనిషి ఛాతీ మీద అణిగిపోతుంది. ఆ అణగడం వల్లే పక్కనే పాడుతున్న గొంతు స్పష్టంగా వినిపిస్తుంది. పాత కిట్‌కూ ఆ గుణమే ఉంది. పక్కవాడికి చోటు ఇస్తుంది.

ఇది నాకు ఊరికే తోచిన పోలిక కాదు. కొన్నేళ్ల కిందట విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒక తప్పెటగుళ్ళ బృందం పాటకు డ్రమ్స్ కలపమన్నారు. మొదట కొత్త కిట్ పెట్టాం. విడిగా వింటే అద్భుతం. పాటతో కలిపితే టామ్ మోగిన ప్రతిసారీ గొంతు మునిగిపోయింది. ఈక్యూతో కొన్ని స్థాయిలు కోశాను, మోత తోక కత్తిరించే గేట్ పెట్టాను, హెడ్ మీద టేపు అంటించాను. మధ్యాహ్నం దాకా అదే యాతన. భోజనం అయ్యాక పాత కిట్ బయటికి తీసి, అదే మైకులు, అదే డ్రమ్మర్, అదే పాట. ఒక్క నాబ్ ముట్టుకోకుండా మిక్స్‌లో కూర్చుంది. ఆ రోజు నుంచి ఎవరైనా విడిగా సోలోలో వినిపించి "ఎలా ఉంది?" అని అడిగితే నేను జవాబు చెప్పను. పాటలో వినిపించమంటాను.

అయితే ఆ గొప్పంతా షెల్‌దే అనుకుంటే పొరపాటు. నా అనుభవంలో వినిపించే దాంట్లో మొదటి వాటా వాయించే చేతిది, తర్వాత హెడ్, ట్యూనింగ్, ఆ తర్వాత గది. షెల్, అంచు వీటి తర్వాతే. కానీ మిగతావన్నీ రోజూ మార్చుకోవచ్చు. అంచు ఒకసారి పోతే పోయినట్టే. ఈ మాట నేను నష్టపోయి తెలుసుకున్నాను.

2009లో ఫ్లోర్ టామ్ పైభాగంలో అంచు ఒకచోట చిన్నగా చిట్లింది. వేరే నగరంలో డ్రమ్స్ బాగుచేసే ఒక దుకాణానికి పంపాను. చిట్లిన చోట మాత్రం సరిచేయమని చీటీ రాసి పెట్టాను. నెల తర్వాత టామ్ వచ్చింది. అంచు చుట్టూ కొత్త చెక్క తెల్లగా మెరుస్తోంది. రౌటర్ మెషీన్ పెట్టి పైనా కిందా రెండు వైపులా 45 డిగ్రీలకు కోసేశారు. "ఇప్పుడు ఇంకా బాగా మోగుతుంది సార్" అన్నారు ఫోన్లో. నిజమే, బాగా మోగింది. కొత్త కిట్‌లా మోగింది. పక్కనున్న 13 అంగుళాల టామ్ "దుమ్" అంటుంటే ఇది "ధూమ్‌మ్" అంటోంది. ఒకే కిట్, ఒకే చెక్క, ఒకేసారి పుట్టినవి. అంచు మారేసరికి రెండూ వేర్వేరు ఇళ్ల పిల్లలైపోయాయి. పాత వాద్యంలో శబ్దం ఎక్కడుంటుందో నాకు ఏ పుస్తకమూ ఇంత స్పష్టంగా చెప్పలేదు.

రెండేళ్లు అది మూలన ఉంది. తర్వాత వేరే రికార్డింగ్ పని మీద బొబ్బిలి వెళ్లినప్పుడు, వీణలు చేసే ఒక పెద్దాయనకు చూపించాను. బొబ్బిలి వీణ తెలుసు కదా, పనస కర్ర ఒకే దుంగను తొలిచి చేస్తారు. ఆయన డ్రమ్ ఎప్పుడూ ముట్టుకోలేదు. చిన్న టామ్ హెడ్ విప్పించి, దాని అంచు మీద చూపుడు వేలితో చుట్టూ రెండు మూడుసార్లు తడిమాడు. కళ్లు మూసుకుని పెద్ద టామ్ తడిమాడు. "దీని చెంప గీరేశారు బాబూ" అన్నాడు. ఆకురాయితో, ఉప్పుకాగితంతో సగం రోజు కూర్చుని, వేలితో పోల్చుకుంటూ పోల్చుకుంటూ వంపు తెచ్చాడు. మెషీన్ ముట్టలేదు. పోయిన ఎత్తు తిరిగి రాదు, షెల్ ఒకటి రెండు మిల్లీమీటర్లు పొట్టిదైంది. శబ్దం మాత్రం చాలావరకు ఇంటికి చేరింది. పక్కపక్కన వాయిస్తే తేడా ఇప్పటికీ నాకు తెలుస్తుంది, పాటలో తెలియదు.

అందుకే మీకు మొదటి మాటగా అంచు గురించి చెబుతున్నాను. కిట్ చూడ్డానికి వెళ్లినప్పుడు పైపై మెరుపు చూసి ఆగిపోకండి. హెడ్ విప్పించండి. అంచు మీద వేలు పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పండి. ఒకే వంపు, పాతబడిన ఒకే రంగు ఉంటే మంచిది. చెక్క కొత్తగా తెల్లగా, వాలు పదునుగా ఉంటే ఎవరో కోసినట్టే. తర్వాత షెల్‌ను ఒక చదునైన గ్రానైట్ బండ మీద బోర్లించండి. వంటింటి గట్టు అయినా చాలు. లైట్లు ఆర్పి, షెల్ లోపల టార్చి వెలిగించి బయట నుంచి చూడండి. అంచు కింద ఎక్కడైనా వెలుతురు గీత కనిపిస్తే అక్కడ చెక్క పల్లంగా ఉంది, ట్యూనింగ్ అక్కడ నిలవదు. తిరగేసి రెండో అంచుకూ ఇదే పని చేయండి. టేపుతో వ్యాసాన్ని ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా కొలవండి. రెండింటి మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్లు తేడా ఉంటే షెల్ గుండ్రం తప్పింది. కొత్త హెడ్ దాని మీద చేత్తో పెడితే హాయిగా జారి కూర్చోవాలి. నొక్కి కూర్చోబెట్టాల్సి వస్తే ఆ డ్రమ్ గొంతు నొక్కేసినట్టే పలుకుతుంది.

అదనపు కన్నాలు లెక్కపెట్టండి. పాత టామ్ స్టాండ్ తీసేసి కొత్తది బిగించడానికి చాలామంది డ్రిల్ వేశారు. కన్నం వల్ల శబ్దం పెద్దగా చెడదు గానీ ధర బాగా తగ్గాలి. తొడుగు మార్చి ఉంటే, బ్యాడ్జి కొత్తగా బిగించి ఉంటే కూడా అంతే.

స్నేర్ విడిగా చూడండి. లడ్విగ్ వాళ్ల క్రోమ్ పూత వేసిన అల్యూమినియం స్నేర్‌ను సుప్రాఫోనిక్ అంటారు. ప్రపంచంలో అత్యధికంగా రికార్డయిన స్నేర్ అదేనని స్టూడియో వాళ్లలో ఒక మాట ఉంది. అల్యూమినియానికి క్రోమ్ పూత సరిగా పట్టదు. అందుకే వాటి మీద పొక్కుల్లా మచ్చలు లేస్తాయి, పూత పొరలుగా రాలుతుంది. మన తీరంలో ఇది మరీ ఎక్కువ. చూడ్డానికి బాధగా ఉంటుంది కానీ శబ్దానికి ఏమీ కాదు. మా స్నేర్ ఒక పక్కంతా చికెన్‌పాక్స్ వచ్చినట్టు ఉంటుంది. అయినా స్టూడియోలో నేను చివరిగా అమ్మే వస్తువు అది. పొక్కులు చూపించి ధర తగ్గించమని అడగండి, కొనడం మాత్రం మానకండి.

హెడ్స్ విషయంలో ఖర్చుకు వెనకాడకండి. పాత షెల్‌కు పలచని ఒంటిపొర హెడ్, పైన తెల్లటి గరుకు పూత ఉన్నది, సరిగ్గా నప్పుతుంది. రెమో కోటెడ్ అంబాసిడర్ లాంటిది. 10 మిల్, అంటే పావు మిల్లీమీటరు మందం. రెండు పొరల హెడ్ వేస్తే గుండ్రటి అంచు ఇప్పటికే అణిచిన రింగును అది మళ్లీ అణుస్తుంది, చివరికి అట్టపెట్టె మిగులుతుంది. చాలామంది "పాత కిట్ చచ్చినట్టు ఉంది" అని తిట్టుకునేది ఇలాంటి మందపాటి హెడ్స్ వేసుకునే.

ఇక్కడ ఒక్క పక్కమాట. ఈ ప్లాస్టిక్ హెడ్స్ 1950ల మధ్యలో వచ్చాయి. అంతకు ముందు దూడచర్మమే. చల్లటి తేమ గాలికి చర్మం సడలి, బేస్ డ్రమ్ మూగబోయేది. అమెరికా డ్రమ్మర్లు 1920లు, 30లలో బేస్ డ్రమ్ లోపల కరెంటు బల్బు పెట్టి చర్మాన్ని వేడి చేసుకునేవారు. మన డప్పు కళాకారులు వాయించే ముందు మంట దగ్గర కాచుకోవడం, ఆ బల్బు, రెండూ ఒకే పని. బల్బు సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ దూరదేశపు వాళ్లు పక్కింటి వాళ్లలా అనిపించారు.

ట్యూనింగ్ మీకు వచ్చే ఉంటుంది, అయినా పాత కిట్‌కు ఒకటి రెండు చెబుతాను. ముందు హెడ్‌ను పట్టే రాడ్లన్నీ వేళ్లతో బిగించి, తర్వాత ఎదురెదురుగా సగం తిప్పు చొప్పున కీ తిప్పండి. ప్రతి లగ్ (రాడ్ దిగే బిగింపు) దగ్గరా, అంచుకు ఒక అంగుళం లోపల వేలితో తట్టి వినండి. మృదంగం వాయించేవారు రాయీ పుల్లా పట్టుకుని ఒక్కో చోటా సరిచేసుకుంటారే, అంత ఓపిక కావాలి. 13 అంగుళాల టామ్‌కు 6 లగ్‌లు, ఫ్లోర్ టామ్‌కు 8, స్నేర్‌కూ బేస్ డ్రమ్‌కూ పదేసి. కింది హెడ్ పై హెడ్ ఒకే స్వరంలో ఉంటే ఎక్కువసేపు మోగుతుంది. కింది దాన్ని కాస్త పైకి తీస్తే మోత కురచ అవుతుంది. మా ఫ్లోర్ టామ్ సా అనుకుంటే చిన్న టామ్ మా దగ్గర పెడతాను. పాట శ్రుతిని బట్టి కొద్దిగా జరుపుతాను. పాత కిట్‌ను మరీ కిందికి దించాలని అందరికీ సరదా. దించండి, కానీ హెడ్ మీద ముడతలు పడకముందే ఆగండి. అంతకంటే కింద స్వరం ఉండదు.

బేస్ డ్రమ్ ముందు హెడ్‌కు కన్నం కోయకండి. దయచేసి. లోపల దిండ్లు కూడా కుక్కకండి. కొట్టే వైపు హెడ్ వెనక రెండు మూడు అంగుళాల వెడల్పు ఫెల్ట్ పట్టీ ఒకటి అడ్డంగా వేస్తే చాలు. మైక్ బయట, ముందు హెడ్‌కు ఒక జానెడు దూరంలో పెట్టండి. దగ్గర మైక్‌లో వచ్చే "టక్" రాదు, "దుబ్" వస్తుంది. డ్యాన్స్ పాటలు ఎక్కువ చేసేవారికి ఇది సరిపోదు, వాళ్లకు కొత్త కిట్టే మంచిది. ఈ మాట మొహమాటం లేకుండా చెబుతున్నాను.

మైకులు తక్కువ పెట్టండి. గ్లిన్ జాన్స్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు వాడిన పద్ధతి పాత కిట్లకు బాగా కుదురుతుంది. స్నేర్ పైన ఒక మైక్, ఫ్లోర్ టామ్ పక్క నుంచి కిట్ మీదుగా చూస్తున్నట్టు ఇంకొకటి, బేస్ డ్రమ్ ముందు మరొకటి. పై రెండు మైకులూ స్నేర్ నడిబొడ్డు నుంచి సరిగ్గా ఒకే దూరంలో ఉండాలి. నేను దారం ఒక కొస స్నేర్ మీద పట్టించి, రెండో కొసతో రెండు మైకులనూ కొలుస్తాను. శబ్దం ఒక మీటరు నడవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. జానెడు తేడా వచ్చినా స్నేర్ రెండు మైకుల్లో రెండు వేళల్లో పడి, బరువు తగ్గి పలచబడుతుంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు కంప్యూటర్లో జరుపుకుందాంలే అంటారు. స్నేర్‌ను జరిపితే టామ్ చెడుతుంది. దారం ఖరీదు రూపాయి కూడా ఉండదు.

తాళాలు (సింబల్స్) కిట్‌తో పాటు వస్తే వాటినీ వినండి. మాకు ఒక 20 అంగుళాల జిల్జియాన్ రైడ్ (లయ పట్టే పెద్ద తాళం) వచ్చింది. జిల్జియాన్ కుటుంబం 1623 నుంచి, ఇస్తాంబుల్‌లో మొదలుపెట్టి, తాళాలు పోతపోస్తోంది. నూటికి 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం. అంటే మన కంచే. శ్రీకాకుళం జిల్లా బుడితి వాళ్ల కంచు పాత్ర మీద వేలితో కొట్టి, ఆ చెవితోనే రైడ్ మీద స్టిక్ వేసి వినండి, చుట్టరికం తెలుస్తుంది. పాత తాళానికి పట్టిన మసకను తోమి మెరిపించకండి. అంచున జుట్టంత చీలిక ఉందేమో మాత్రం వెలుతురులో పెట్టి చూడండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, సముద్రపు గాలి. విశాఖలో ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం పైనే. ప్లాస్టిక్ హెడ్‌కు దాంతో పెద్ద ఇబ్బంది లేదు. చెక్కకు, జిగురుకు, ఇనుముకు ఉంది. బేస్ డ్రమ్ హూప్స్ (హెడ్‌ను పట్టే కట్లు) చెక్కవి, ముందు వంగేవి అవే. స్నేర్ కింద తీగలు తుప్పు పట్టి, గరగరమంటాయి. పగలంతా ఏసీ వేసి రాత్రి ఆపేయడం అన్నిటికంటే చేటు. చెక్క రోజూ ఒకసారి ముడుచుకుని, ఒకసారి ఉబ్బుతుంది. గాలిలో తేమ లాగే చిన్న డీహ్యూమిడిఫయర్ కొని 50, 55 శాతం దగ్గర రాత్రీ పగలూ నిలకడగా ఉంచండి. మరీ ఎండబెట్టినా పాత జిగురు వదులుతుంది. రాడ్లకు ఆరు నెలలకోసారి కాస్త లిథియం గ్రీజు పెట్టండి. కొబ్బరినూనె పెట్టకండి, జిగటై ఉప్పూ దుమ్మూ పట్టుకుంటుంది. సముద్రం వైపు కిటికీ ఉన్న గదిలో కిట్ పెట్టకండి, ఎంత అందంగా ఉన్నా సరే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలిపోయి గదిలోకి వాన కొట్టింది. ముందు రోజు కిట్ విప్పి, దుప్పట్లు చుట్టి, లోపలి గదిలో అటక మీద పెట్టాం కాబట్టి తడవలేదు. అయితే ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. తడి గోడల మధ్య, ఉక్కలో, చీకట్లో ఉంది. వారం తర్వాత దించి చూస్తే 13 అంగుళాల టామ్ లోపల పట్టీ ఒకచోట కాగితం మందాన లేచింది. నా ప్రాణం అక్కడే పోయినంత పనైంది. తొందరపడి ఎండలో పెట్టలేదు. నీడలో 20 రోజులు వదిలేసి, చెక్క ఆరి సర్దుకున్నాక, సన్నని బ్రష్‌తో జిగురు లోపలికి పోనిచ్చి, గుండ్రటి చెక్క ముక్క అడ్డు పెట్టి క్లాంప్ బిగించాం. ఇప్పటికీ గట్టిగా ఉంది. ఊళ్లో చెట్లన్నీ పోయి, కొండలు బోసిగా కనిపించిన ఆ రోజుల్లో, కరెంటు వచ్చిన మొదటి రాత్రి మా డ్రమ్మర్ వచ్చి దాన్ని బిగించి ఒక్క రౌండ్ వాయించాడు. ఏ పాటా లేదు, రికార్డింగూ లేదు. పక్కింటి వాళ్లు విసుక్కోలేదు, వచ్చి గుమ్మంలో నిలబడి విన్నారు.

శాంపిల్స్ గురించి. నేనూ వాడతాను. బడ్జెట్ లేని పనులకు, రాత్రికి రాత్రి కావాలన్న జింగిల్స్‌కు అవే దిక్కు. వాటిలో చాలావరకు ఇలాంటి పాత కిట్లనే మంచి గదుల్లో రికార్డు చేసినవి కూడా. అయితే శాంపిల్ మీరు చెప్పింది చేస్తుంది. కిట్ ముందు కూర్చున్న డ్రమ్మర్ ఆ టామ్ కురచగా పలకడం విని, తన వాయింపు మార్చుకుంటాడు. తోక లేని చోట ఇంకో దెబ్బ వేస్తాడు, లేదా ఖాళీ వదిలేస్తాడు. ఆ మార్పు మౌస్‌తో రాదు. మన దగ్గర మంచి కుర్రాళ్లున్నారు, ఎలక్ట్రానిక్ ప్యాడ్స్ మీదే చేయి తిరిగినవాళ్లు. వాళ్లను ఒక మధ్యాహ్నం అసలు కిట్ ముందు కూర్చోబెట్టడానికి ఊళ్లో ఎన్ని చోట్లున్నాయో మీకూ తెలుసు.

మీ గది సంగతి కూడా మర్చిపోకండి. మేడ మీద గది అన్నారు, అంటే సిమెంటు గోడలు, తక్కువ ఎత్తు శ్లాబు. చప్పట్లు కొట్టి చూడండి. "టర్‌ర్" అని తిరిగి వస్తే డ్రమ్స్ కూడా అలాగే వస్తాయి. డ్రమ్మర్ తల పైన శ్లాబుకు శబ్దాన్ని పీల్చే రాక్‌వూల్ ప్యానెల్స్ వేలాడదీయండి, కింద మందపాటి తివాచీ పరవండి, ఒక గోడకు పుస్తకాల అలమర పెట్టండి. ఈ పని చేయకుండా ఏ కాలపు కిట్ కొన్నా డబ్బు దండగ.

ఒకవేళ మీరు చూసిన కిట్ అంచులు కోసేసి ఉంటే, వదిలేయండి. 1970లు, 80ల నాటి జపాన్ కిట్లు, తామా, పెర్ల్, యమహా, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. గట్టివి, అంచులు బాగుంటాయి, తేమను కూడా బాగా తట్టుకుంటాయి. మంచి హెడ్స్ వేస్తే స్టూడియోకు నిశ్చింతగా సరిపోతాయి. పాత ఇంగ్లిష్ ప్రీమియర్ తగిలితే మాత్రం హెడ్ పెట్టి చూశాకే మాట ఇవ్వండి. 60ల చివరి దాకా వాళ్ల కొలతలు కాస్త తేడా, ఇప్పటి హెడ్స్ కొన్నిటి మీద సరిగా కూర్చోవు.

అంచులు అసలువే అయితే, పొక్కులున్నా, తొడుగు పసుపెక్కినా, కొనండి. వెళ్లేటప్పుడు టార్చి, టేపు, డ్రమ్ కీ, ఒక కొత్త 13 అంగుళాల హెడ్ సంచిలో వేసుకోండి. విప్పక ముందు ఫ్లోర్ టామ్ మీద మధ్యస్తంగా నాలుగు దెబ్బలు కొట్టి ఫోన్లో రికార్డు చేయండి. తర్వాత హెడ్ తీసి అంచు ఫోటో దగ్గర నుంచి, పక్క నుంచి తీయండి. రెండూ ఇక్కడ పెడితే చూసి చెబుతాను. అమ్మేవాళ్లు హెడ్ విప్పడానికి ఒప్పుకోకపోతే, ఆ రోజు అడ్వాన్సు ఇవ్వకుండా తిరిగి వచ్చేయండి.